11–14 ఏళ్ల పిల్లలను వేసవిలో ఒక్కరోజు సాహస యాత్రకు సిద్ధం చేయడం ఎలా?

చిన్నపిల్లలు కాలు నొప్పెడితే అక్కడే కూలబడి ఏడుస్తారు. పెద్దవాళ్లయితే ఆగి చెప్పుకుంటారు. ఆరో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఉన్న పిల్లలు మాత్రం ఈ రెండూ చేయరు, దాచుకుంటారు. మడమ మీద బొబ్బ లేచినా, తల తిరుగుతున్నా, మూత్రం ఆపుకుని నడుస్తున్నా తోటివాళ్ల ముందు చులకనవుతామని నోరు విప్పరు. ఈ వయసువాళ్లను కొండకో, ఏటి ఒడ్డుకో తీసుకెళ్లినప్పుడు వచ్చే ఇబ్బందుల్లో చాలా భాగం ఇక్కడే మొదలవుతుంది. అందుకే కింద చెప్పే ఏర్పాట్లన్నిటి వెనకా ఒకటే ఆలోచన ఉంది: పిల్లలు దాచుకోవాల్సిన అవసరం రాకుండా చూడడం. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు నెల రోజుల ముందే పని మొదలుపెడితే హడావుడి ఉండదు.

1. దారి ఎంచుకోవడం, సమయం లెక్కగట్టడం

నడక సమయానికి 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. అది దిట్టంగా నడిచే పెద్దవాళ్ల లెక్క కాబట్టి పిల్లల గుంపుకు వచ్చిన సమయంలో సగం అదనంగా కలపాలి.

ఉదాహరణకు రానూపోనూ 6 కిలోమీటర్ల దారి, 300 మీటర్ల ఎక్కుడు అనుకుందాం. దూరానికి 1 గంట 12 నిమిషాలు, ఎత్తుకు 30 నిమిషాలు, కలిపి 1 గంట 42 నిమిషాలు. సగం కలిపితే రెండున్నర గంటలు దాటుతుంది. రెండు చిన్న విరామాలు, 40 నిమిషాల భోజనం చేరిస్తే మూడున్నర గంటలు. కాగితం మీద ‘గంటన్నర నడకే కదా’ అనిపించే దారి ఇలా పూటంతా తినేస్తుంది.

ఎండ దృష్ట్యా తెల్లవారగానే బయల్దేరాలి. ఎక్కుడంతా 10–11 గంటల లోపు ముగిసి, 12 నుంచి 3 దాకా అందరూ నీడలో ఉండేలా దారిని అమర్చుకోవాలి. వెనుదిరిగే సమయం ముందే రాసుకుని పిల్లలకు కూడా చెప్పండి. ఆ గంట కొట్టినప్పుడు శిఖరం వంద మీటర్ల దూరంలో ఉన్నా తిరగాల్సిందే. పెద్దల్లో ఒకరైనా వారం ముందు అదే దారిలో, అదే వేళకు నడిచి రావాలి. నీడ ఎక్కడుంది, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోతుంది, వాహనం ఎంత దగ్గరికి రాగలదు అన్న నాలుగూ రాసుకోవాలి. మ్యాప్‌లో కనిపించే వాగు వేసవిలో ఎండిపోయి ఉండొచ్చు.

ఎంతమంది పెద్దలు కావాలి? నడకకు 6–8 మంది పిల్లలకు ఒకరు, నీళ్లలో ఆటలుంటే నలుగురికి ఒకరు. గుంపు ఎంత చిన్నదైనా ఇద్దరికి తగ్గొద్దు, ముగ్గురుంటే మేలు. ఒక బిడ్డ కాలు మడత పడితే ఆ బిడ్డతో ఒకరు ఆగిపోవాలి, అప్పుడు మిగతావాళ్లను నడిపించేవారు ఉండాలి కదా.

2. ఆరోగ్య వివరాల పత్రం: మూడు వారాల ముందు

ప్రశ్న అడిగే తీరును బట్టి జవాబు వస్తుంది. ‘ఆస్తమా ఉందా?’ అంటే చాలామంది తల్లిదండ్రులు లేదని రాసేస్తారు. ‘గత ఏడాదిలో ఇన్‌హేలర్ వాడారా? ఎప్పుడు?’ అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. అలాగే ‘తేనెటీగ లేదా కందిరీగ కుట్టినప్పుడు ఏమైంది?’, ‘ఏం తింటే దద్దుర్లు వస్తాయి?’, ‘బస్సులో వాంతులవుతాయా?’, ‘ఎప్పుడైనా స్పృహ తప్పి పడిపోయారా?’ అని అడగండి. రోజూ వాడే మందులు తప్పక రాయించుకోండి. అలర్జీకి వాడే కొన్ని యాంటీహిస్టమిన్లు, ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్యకు) ఇచ్చే ఉత్తేజక మందులు ఎండను తట్టుకునే శక్తిని తగ్గించగలవు. మందు ఆపమని మాత్రం చెప్పొద్దు, ఆ రోజు ఎలా వాడాలో వాళ్ల డాక్టర్నే అడగమనాలి.

ఇన్‌హేలర్, తీవ్రమైన అలర్జీకి అడ్రినలిన్ ఇంజెక్షన్ వాడే పిల్లల మందు వాళ్ల బ్యాగులోనే ఉండాలి. ఇంకొకటి పెద్దల దగ్గర ఉండాలి. మందు బస్సులో భద్రంగా ఉండి, బిడ్డ కొండ మీద ఉంటే ఎవరికి ఉపయోగం?

ఈత విషయంలో మాట నమ్మొద్దు. ‘వచ్చు’ అనే పిల్లల్లో కొందరు లోతులేని కొలనులో కాళ్లు నేలకు ఆనించి చేతులాడించినవాళ్లే. 25 మీటర్లు ఆగకుండా ఈది, తర్వాత నిమిషం పాటు నేల తాకకుండా తేలగలగాలి. శిక్షకుడి ఎదుట ఈ పరీక్ష అయినవాళ్లనే ఈత వచ్చినవాళ్లుగా లెక్కేసుకోండి. ఎవరు నెగ్గినా, నెగ్గకపోయినా పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ అందరికీ ఒకటే రూలు.

3. శరీరాన్ని అలవాటు చేయడం: నాలుగు వారాలు

ఎండకు శరీరం అలవాటు పడడానికి 10–14 రోజులు పడుతుంది. రోజంతా ఏసీ గదిలో ఉన్న బిడ్డను ఒక్కసారిగా కొండెక్కిస్తే ఆ శరీరానికి ఇంకా సరిగ్గా చెమట పట్టడమే తెలియదు. పైగా పెద్దవాళ్లతో పోలిస్తే పిల్లలకు చెమట తక్కువ పడుతుంది, బరువుకు తగ్గ చర్మం విస్తీర్ణం ఎక్కువ కాబట్టి మండే ఎండలో బయటి వేడిని త్వరగా పీల్చుకుంటారు.

మొదటి వారం బ్యాగు లేకుండా రోజు విడిచి రోజు 2 కిలోమీటర్లు నడిపించండి. రెండో వారం 3 కిలోమీటర్లు, సీసా ఒక్కటి పట్టుకుని. మూడో వారం సగం బరువున్న బ్యాగుతో 4 కిలోమీటర్లు, మధ్యలో మెట్లో గుట్టో ఉండేలా. నాలుగో వారంలో ఒకే ఒక్కసారి, అసలు యాత్ర దూరంలో మూడింట రెండు వంతులు, పూర్తి బ్యాగుతో, అదే బూట్లతో. చివరి రెండు వారాల నడకలు కొంచెం ఎండెక్కాక ఉండాలి, అయితే మిట్టమధ్యాహ్నం వద్దు. చివరి రెండు రోజులు పూర్తి విశ్రాంతి.

దిగుడు సాధన చాలామంది మర్చిపోతారు. ఎక్కేటప్పుడు ఊపిరి కష్టమవుతుంది కానీ కాలు మడత పడడం, జారిపడడం దిగేటప్పుడే ఎక్కువ. చిన్న అడుగులు వేయడం, మోకాళ్లు కొంచెం వంచి దిగడం, ముందున్నవాళ్లకు రెండు మీటర్ల ఎడం ఇవ్వడం మెట్ల మీదే నేర్పించొచ్చు.

4. పాదాలు

యాత్రను మధ్యలో ఆపేవి పెద్ద ప్రమాదాలకంటే చిన్న బొబ్బలే. వేడి, తడి, రాపిడి మూడూ కలిసినచోట బొబ్బ లేస్తుంది. వీటిలో ఒక్కదాన్ని తీసేసినా చాలు.

ఈ వయసులో పాదం త్వరగా పెరుగుతుంది. ఆరు నెలల కిందటి బూట్లు ఈ వేసవికి సరిపోతాయని అనుకోవద్దు. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, నడకకు వేసుకునే సాక్స్‌తోనే తొడిగి చూడాలి. బిడ్డను నిలబెట్టి పొడవైన వేలికి, బూటు కొసకు మధ్య బొటనవేలి వెడల్పు ఖాళీ ఉందేమో నొక్కి చూడండి. తర్వాత వాలు మీద దింపండి. వేళ్లు ముందుకు గుద్దుకుంటే బూటు చిన్నదన్నమాట, లేదా లేసు పైభాగంలో వదులైంది. కొత్త బూట్లు కొంటే యాత్రకు కనీసం రెండు వారాల ముందు కొనాలి. కొత్త బూట్లతో నేరుగా కొండకు రావడమంత కచ్చితంగా బొబ్బలు తెచ్చే పని మరొకటి లేదు.

సాక్స్ నూలువి వద్దు. నూలు చెమటను పీల్చుకుని వదలదు, తడి గుడ్డ గంటల తరబడి మడమను రాస్తూనే ఉంటుంది. సింథటిక్ లేదా సన్నని ఉన్ని సాక్స్ రెండు జతలు ఉండాలి, ఒకటి కాళ్లకు, ఒకటి బ్యాగులో. కాలిగోళ్లు మూడు రోజుల ముందు అడ్డంగా కత్తిరించాలి. ముందురోజు రాత్రి కత్తిరిస్తే గోటి మూల పదునుగా ఉండి పక్క వేలిని గీస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం ‘మంట పుట్టిన చోటు’ను గుర్తుపట్టడం. బొబ్బకు ముందు ఆ చోట ఐదు పది నిమిషాలు వెచ్చగా, చురుక్కుమన్నట్టు ఉంటుంది. అప్పుడే ఆగి, తుడిచి ఆరబెట్టి, మెత్తని మెడికల్ టేప్ మడతలు లేకుండా అంటించి, మూలలు గుండ్రంగా కత్తిరిస్తే పని అయిపోతుంది. మూల సూదిగా ఉన్న టేపు సాక్స్‌కు తగులుకుని ఊడొస్తుంది. కానీ ఆగమని బిడ్డ అడగదు. కాబట్టి బయల్దేరిన 20 నిమిషాలకు అందరూ ఒకేసారి ఆగి బూట్లు, లేసులు సరిచూసుకునే విరామం పెట్టండి. ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు.

5. బ్యాగు: సర్దేది బిడ్డే

అమ్మ సర్దిన బ్యాగులో ఏముందో బిడ్డకు తెలియదు. వాన కోటు అడుగున ఉంటే వాన వెలిశాకే బయటికొస్తుంది. ముందురోజు సాయంత్రం పిల్లలే సర్దాలి, పెద్దలు జాబితాతో సరిచూడాలి, అంతే.

బరువు శరీర బరువులో 10 శాతం దగ్గర ఉంటే హాయి, 15 శాతం దాటితే నడుము వంగిపోతుంది. 40 కిలోల బిడ్డకు 4 కిలోలంటే, 2 లీటర్ల నీళ్లకే 2 కిలోలు పోతుంది. ఖాళీ బ్యాగు అరకిలో పైనే ఉంటుంది. మిగిలిన కిలోన్నర లోపే తిండి, బట్టలు, మిగతావన్నీ. 30 కిలోల బిడ్డ అయితే ఒక లీటరు పెద్దల బ్యాగులోకి మారాలి, లేదా దారిలో సీసా నింపుకునే చోటు ఉండాలి.

బ్యాగులో ఉండాల్సినవి:

- నీళ్లు, ఒకటే పెద్ద సీసా కాకుండా రెండు లీటరు సీసాలుగా. ఒకటి పగిలినా ఇంకొకటి ఉంటుంది.
- అంచు వెడల్పున్న టోపీ, తేలికైన పొడవు చేతుల చొక్కా, పలుచని వాన కోటు.
- ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకుమించిన సన్‌స్క్రీన్.
- ఈల. దీన్ని బ్యాగు లోపల వేయొద్దు, భుజం పట్టీకి కట్టాలి.
- మెడికల్ టేపు, నాలుగు బ్యాండేజీలు, అదనపు సాక్స్.
- పేరు, ఇద్దరు పెద్దల ఫోన్ నంబర్లు, అలర్జీ వివరాలు రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన చీటీ.
- చెత్తకు ఒక జిప్ కవరు, టిష్యూ కాగితం, చేతుల శానిటైజర్.

బరువైనవి వీపుకు ఆనుకుని భుజాల మధ్యకు రావాలి. బ్యాగు వేసుకున్నాక ముందు నడుము పట్టీ తుంటి ఎముకల మీద బిగించి, తర్వాతే భుజం పట్టీలు లాగాలి. వరుస తప్పితే బరువంతా భుజాల మీదే పడుతుంది.

ఆడపిల్లలందరి బ్యాగుల్లోనూ, నెలసరి మొదలైనా కాకపోయినా, రెండు శానిటరీ ప్యాడ్లు, ఒక నల్ల కవరు, ఒక అదనపు లోదుస్తు ఉండాలి. మొదటిసారి కొండ మీదే మొదలవొచ్చు. ఆ రోజు ఎవరితో చెప్పుకోవాలో, ఆ పెద్దావిడ పేరు ముందే చెప్పి ఉంచండి.

తిండి విషయంలో ఒకే హెచ్చరిక: వండిన పదార్థాలు ఎండలో, అంటే 32 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో, గంటకు మించి బయట ఉండకూడదు. ముందురోజు రాత్రి ఒక నీళ్ల సీసాను సగం నింపి గడ్డకట్టించి, ఉదయం మిగతా సగం నింపి తిండి డబ్బా పక్కన పెడితే రెండిటికీ పనికొస్తుంది. నిండుగా నింపి గడ్డకట్టిస్తే సీసా పగులుతుంది. గింజల అలర్జీ ఉన్న బిడ్డ గుంపులో ఉంటే ఆ పదార్థాలు ఎవరూ తేకూడదు.

6. నీళ్లు, ఉప్పు, మూత్రం

పిల్లలు నీళ్లు తాగకపోవడానికి మర్చిపోవడం ఒక్కటే కారణం కాదు. తాగితే బయట మూత్రానికి వెళ్లాల్సి వస్తుందని చాలామంది, ముఖ్యంగా ఆడపిల్లలు, కావాలనే మానేస్తారు. ‘నీళ్లు తాగండి’ అని ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు. ముందు మూత్రం సంగతి తేల్చాలి.

గంటన్నరకోసారి అందరికీ కలిపి విరామం ఇవ్వండి. మగపిల్లలు దారికి ఒక వైపు, ఆడపిల్లలు మరో వైపు, ఆడపిల్లల వైపు ఒక పెద్దావిడ. చాటు లేనిచోట ఇద్దరు దుప్పటి పట్టుకుంటే సరిపోతుంది. నీటి వనరులకు, దారికి 60 మీటర్ల దూరం పాటించాలి. మలవిసర్జన అయితే 15–20 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి పూడ్చాలి, కాగితం కవర్లో వెనక్కి తేవాలి. ఇదంతా యాత్రకు ముందే తరగతిలో మామూలు గొంతుతో చెప్పేయండి. మొదట ఇకిలిస్తారు, తర్వాత వింటారు.

పరిమాణం: ఎండలో నడుస్తున్నప్పుడు గంటకు అరలీటరు, 20 నిమిషాలకోసారి నాలుగైదు గుక్కలుగా. దాహం వేసేదాకా ఆగొద్దు. మూత్రం లేత గడ్డిరంగులో ఉంటే సరిపోయినట్టు. ముదురు పసుపులో ఉంటే, లేదా మూడు నాలుగు గంటలుగా రాకపోతే నీళ్లు చాలలేదు. బి విటమిన్ బిళ్లలు వేసుకునేవాళ్లకు రంగు ఎలాగూ పసుపుగానే ఉంటుంది.

అతిగా తాగినా ముప్పే. ఒక లీటరు గటగటా తాగేసే పందేలు మొదలైతే వెంటనే ఆపండి. ఉప్పు లేని నీళ్లు ఒక్కసారిగా ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, అయోమయం వస్తాయి. నీళ్లతోపాటు ఉప్పున్న చిరుతిండి ఉంటే చాలావరకు ఇబ్బంది ఉండదు. ఓఆర్ఎస్ కలపాల్సి వస్తే మొత్తం ప్యాకెట్‌ను దాని మీద రాసినంత నీటిలోనే కలపాలి. చిన్న సీసాలో చిక్కగా కలిపితే ఉప్పు, చక్కెర మోతాదు మించి మేలుకు బదులు కీడు చేస్తుంది.

7. పరికరాలు ఒంటికి అమరాయా?

లైఫ్ జాకెట్ బరువును బట్టి ఎంచుకోవాలి, వయసును బట్టి కాదు. అన్ని బకిళ్లూ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. చెవుల దాకా, ముక్కు దాకా లేస్తే అది నీళ్లలో బిడ్డను వదిలేసి తాను తేలుతుంది. గాలి నింపే చేతిపట్టీలు బొమ్మలే, రక్షణ కాదు. ప్రవాహంలో పడితే వెల్లకిలా తేలుతూ పాదాలు ముందుకు పెట్టాలనీ, మోకాలి లోతు దాటిన ఉరవడిలో లేచి నిలబడొద్దనీ నేర్పండి. రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు తోసి ముంచేస్తుంది. నీళ్లలో ఉన్న స్నేహితుడి కోసం దూకొద్దు. కర్ర అందించాలి, తాడు లేదా తేలే వస్తువు విసరాలి, కేకవేసి పెద్దల్ని పిలవాలి.

హెల్మెట్ కనుబొమల పైన రెండు వేళ్ల వెడల్పులో ఉండాలి, పట్టీలు చెవుల కింద ‘వీ’ ఆకారంలో కలవాలి, గడ్డం కింద ఒక వేలే దూరాలి. తాళ్లతో ఎక్కే చోట హార్నెస్ (తాడుకు తగిలించేలా ఒంటికి బిగించే పట్టీలు) నడుము పట్టీ తుంటి ఎముకల పైన బిగుసుకోవాలి. తుంటి సరిగా ఏర్పడని సన్నని పిల్లలు తలకిందులైతే అందులోంచి జారిపోవచ్చు, వాళ్లకు భుజాలతో కలిపి ఉండే పూర్తి హార్నెస్ అడగండి. ముడి, బకిల్ ప్రతిసారీ ఇద్దరు చూడాలి. ఎక్కనని బిడ్డ అంటే బలవంతం వద్దు, కిందున్నవాళ్ల ఎగతాళినీ సాగనివ్వొద్దు.

8. వారం ముందు చేయించాల్సిన సాధన

*జంటలు.* ప్రాణస్నేహితులను జంట కట్టొద్దు. కబుర్లలో పడి ఇద్దరూ కలిసి వెనకబడతారు, ఒకరి ఇబ్బందిని మరొకరు దాస్తారు. నడక వేగం దగ్గరగా ఉన్నవాళ్లను కలపండి. ఏ జంటా విడిపోకూడదు.

*లెక్క.* అందరికీ నంబర్లిచ్చి వరుసగా పలికించడం బాగానే ఉంటుంది కానీ, లేని స్నేహితుడి నంబరు కూడా పక్కవాడు సరదాకి అరిచేస్తాడు. అందుకే నంబరుతోపాటు ముఖం చూసి లెక్కించాలి. ప్రతి విరామానికి ముందూ, తర్వాతా, వాహనం ఎక్కేముందు, దారి చీలే ప్రతిచోటా. అందరికంటే ముందు ఒకరు, చివర ఒకరు పెద్దవాళ్లు. చివరి మనిషి ఏ బిడ్డనూ దాటి ముందుకు పోకూడదు, ముందు మనిషిని ఏ బిడ్డా దాటకూడదు.

*రంగుల మాట.* ‘ఎలా ఉన్నావు?’ అంటే ‘బాగున్నా’ అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. దానికి బదులు పచ్చ, పసుపు, ఎరుపు అని చెప్పించండి. పసుపు అంటే ఏదో ఇబ్బందిగా ఉంది, ఎరుపు అంటే ఇప్పుడే ఆగాలి. పెద్దలే మొదట ‘నాకు పసుపు, మోకాలు పట్టేసింది’ అని చెబితే పిల్లలు కూడా చెబుతారు.

*తప్పిపోతే.* తప్పిపోయానని తెలియగానే ఆగిపోవాలి. దగ్గరలోని చెట్టు పక్కన కూర్చుని, ఈల మూడుసార్లు ఊది, కాసేపు ఆగి, మళ్లీ మూడుసార్లు ఊదాలి. వెతుక్కుంటూ తిరిగితే వెతికేవాళ్ల పని రెట్టింపవుతుంది. ‘నిన్ను ఎవరూ తిట్టరు’ అని ముందే స్పష్టంగా చెప్పండి. తిడతారన్న భయంతో పిలుపు వినిపించినా పలకని పిల్లలుంటారు.

*పిడుగులు.* మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉంది. వెంటనే భవనంలోకో, అద్దాలు మూసిన వాహనంలోకో వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే బయటికి. ఒంటరి చెట్టు కింద, గుట్ట కొసన, నీళ్లలో ఉండకూడదు.

9. ఆ రోజు

రెండు రోజుల్లోపు జ్వరం, విరేచనాలు వచ్చిన బిడ్డ ఆ రోజు రాకూడదు. ఎంత ఏడ్చినా సరే, నీరు తగ్గిన ఒంటికి వడదెబ్బ తేలిగ్గా తగులుతుంది. టిఫిన్ తినకుండా వచ్చినవాళ్లను బయల్దేరకముందే కనిపెట్టి తినిపించండి. సన్‌స్క్రీన్ 20 నిమిషాల ముందు రాసి, రెండు గంటలకోసారి, తడిసినప్పుడల్లా మళ్లీ రాయాలి. చెవుల పైభాగం, మెడ వెనక, మోకాళ్ల వెనక మర్చిపోతారు. దోమల మందు వాడితే సన్‌స్క్రీన్ రాశాకే దాన్ని రాయాలి.

ఎండ తగిలితే రెండు దశలను వేరుగా గుర్తించాలి. బాగా చెమట, పాలిపోయిన ముఖం, తలనొప్పి, వికారం, నీరసం ఉండి, బిడ్డ సరిగ్గానే మాట్లాడుతుంటే అది ఎండ బడలిక. నీడలో పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తి, బిగుతు బట్టలు వదులు చేసి, చల్లటి నీళ్లు లేదా ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా ఇవ్వాలి. అరగంటలో తేరుకోకపోతే ఆసుపత్రికి. తేరుకున్నా ఆ రోజుకు నడక ఆగిపోవాలి.

మాట తడబడడం, పొంతన లేకుండా మాట్లాడడం, తూలడం, ఫిట్స్, స్పృహ తప్పడం కనిపిస్తే అది వడదెబ్బ. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి ఉంటుంది. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదు అనుకోవడం పొరపాటు, పరుగులూ ఎక్కుళ్లూ ఉన్న రోజున ఒళ్లంతా చెమటలతోనే వడదెబ్బ తగలొచ్చు. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. మెడ దాకా చల్లటి నీళ్లలో, తల పట్టుకుని ఉంచగలిగితే అన్నిటికంటే మేలు. వీలుకాకపోతే ఒళ్లంతా నీళ్లు పోస్తూ, విసురుతూ, మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టాలి. ఈలోగా మరొకరు అంబులెన్సుకు ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేని బిడ్డ నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం బిళ్లలు ఇక్కడ పనిచేయవు.

పాము కాటేస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయొద్దు. కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, ఉంగరాలు, కాలి పట్టీలు తీసేసి, బిడ్డను నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి చేర్చాలి. కందిరీగ కుట్టాక ముఖం వాపు, గొంతు బిగుసుకోవడం, ఊపిరాడకపోవడం మొదలైతే అడ్రినలిన్ ఇంజెక్షన్ తొడ బయటివైపు వెంటనే ఇచ్చి అంబులెన్సు పిలవాలి. కాసేపు చూద్దాం అనుకోవద్దు.

10. ఇంటికొచ్చాక

స్నానం చేసేటప్పుడు చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనక, చెవుల వెనక, జుట్టులో పిడుదులు ఉన్నాయేమో చూసుకోమనండి. అంటుకుని ఉంటే సన్న మొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. నూనె పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. ఆ తర్వాత కొన్ని వారాల్లో జ్వరమో దద్దురో వస్తే పిడుదు కుట్టిందని డాక్టరుకు తప్పక చెప్పాలి. బొబ్బ చిట్లకుండా ఉంటే అలాగే కప్పి ఉంచండి, చిట్లితే కడిగి పైచర్మం తీయకుండా కట్టు వేయండి. మర్నాటి ఉదయం మూత్రం ఇంకా ముదురు పసుపులోనే ఉంటే ఆ రోజంతా నీళ్లు, పలుచని ద్రవాలు తాగిస్తూ ఆటలకు పంపకండి. టీ, కోలా రంగులోకి మారితే మాత్రం కండరాలు దెబ్బతిని ఉండొచ్చు, అదే రోజు డాక్టరుకు చూపించాలి.